రోగి ఎవరన్నది మారినప్పుడు: నాజీ జర్మనీలో వైద్యం నరమేధంలో భాగమైన క్రమం

క్లుప్తంగా

నాజీ పాలనలో వైద్యులు చేసిన దారుణాలు ఒకరిద్దరు ఉన్మాదుల పని కాదు. దాని వెనుక చట్టం ఉంది, ఫారాలు ఉన్నాయి, నిపుణుల సంతకాలున్నాయి, పరిశోధన నిధులున్నాయి. 1933లో పిల్లలు పుట్టకుండా చేసే బలవంతపు ఆపరేషన్ల చట్టంతో మొదలైన దారి, ఆసుపత్రుల్లోని రోగులను చంపడం మీదుగా పోలండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్ హత్యా శిబిరం దాకా వెళ్లింది. మనుషులపై ప్రయోగాల విషయంలో జర్మనీలో అప్పటికే స్పష్టమైన నిబంధనలు ఉండగానే ఇదంతా జరిగింది.

ప్రశ్న మళ్లీ ఎందుకు వచ్చింది

2023 డిసెంబరులో పారిస్‌లోని ఒక కోర్టు రువాండాకు చెందిన గైనకాలజిస్టు సోస్థెన్ మున్యెమానాకు 24 ఏళ్ల జైలుశిక్ష వేసింది. 1994లో బుటారే ప్రాంతంలో టుట్సీ తెగవాళ్ల ఊచకోతలో అతని పాత్ర రుజువైందని తీర్పు చెప్పింది. 2024 అక్టోబరులో అదే నగరంలో మరో రువాండా వైద్యుడు యూజీన్ ర్వాముచ్యోకు 27 ఏళ్ల శిక్ష పడింది. ఇలాంటి తీర్పు వచ్చిన ప్రతిసారీ చదివేవాళ్లకు తట్టే మొదటి ప్రశ్న ఒకటే: డాక్టరు చదివినవాడు ఈ పని ఎలా చేయగలిగాడు?

దీనికి ఎక్కువ ఆధారాలతో జవాబు వెతకగలిగేది నాజీ జర్మనీ చరిత్రలోనే. అక్కడి ఆసుపత్రి ఫైళ్లు, వైద్యుల డైరీలు, భార్యలకు రాసిన ఉత్తరాలు, కోర్టు వాంగ్మూలాలు చాలా వరకు మిగిలాయి. అయినా మామూలుగా ఈ చర్చ ఆష్విట్జ్‌లో ఖైదీలపై ప్రయోగాలు చేసిన వైద్యుడు యోసెఫ్ మెంగెలే పేరుతో మొదలై ఆ పేరుతోనే ముగుస్తుంది. అతనొక రాక్షసుడు అనుకుంటే మిగతా వృత్తికి మచ్చ అంటదు. రికార్డులు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వవు.

నిబంధనలు లేక జరిగింది కాదు

1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో కలుషితమైన క్షయ టీకా వల్ల 70 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. దేశం అట్టుడికింది. 1931 ఫిబ్రవరి 28న జర్మనీ హోంశాఖ కొత్త చికిత్సలకూ, మనుషులపై ప్రయోగాలకూ మార్గదర్శకాలు జారీ చేసింది. విషయం వివరంగా చెప్పి ఒప్పించకుండా ఎవరి మీదా ప్రయోగం చేయకూడదని అందులో ఉంది. పేదరికాన్ని ఆసరా చేసుకుని మనుషులను వాడుకోవడం వైద్యనీతికి విరుద్ధమని ఉంది. 18 ఏళ్ల లోపు పిల్లలకు కొద్దిపాటి అపాయం ఉన్నా ప్రయోగం నిషిద్ధమని కూడా ఉంది. నాజీలు ఈ ఆదేశాన్ని రద్దు చేయలేదు.

అంతకంటే కలవరపెట్టే విషయం ఇంకొకటుంది. 1939 నుంచి జర్మనీ వైద్య కళాశాలలన్నిటిలో వైద్యనీతి తప్పనిసరి పాఠ్యాంశం. అంటే శిబిరాల్లో పనిచేసిన యువ వైద్యుల్లో కొందరు నీతి క్లాసుల్లో కూర్చుని వచ్చినవాళ్లే. ఆ పాఠంలో ఏం చెప్పారన్నదే అసలు సంగతి. వైద్యుడి మొదటి బాధ్యత ఎదురుగా ఉన్న మనిషి మీద కాదనీ, జాతి మొత్తం ఆరోగ్యం మీద అనీ వాళ్లకు బోధించారు.

ఒక్క మనిషి పోయి 'జాతి దేహం' వచ్చింది

ఈ ఆలోచన నాజీలతో పుట్టలేదు. 'మంచి' వంశాలను పెంచి 'చెడ్డ' వంశాలను ఆపాలనే యూజెనిక్స్ వాదం 20వ శతాబ్దం మొదట్లో అనేక దేశాల విశ్వవిద్యాలయాల్లో గౌరవనీయమైన శాస్త్రం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 1907లోనే బలవంతపు స్టెరిలైజేషన్ చట్టం తెచ్చింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాన్ని సమర్థించింది. నాజీలు తమ చట్టం రాసుకునేటప్పుడు అమెరికా అనుభవాన్ని పరిశీలించారు.

జర్మనీలో దీనికి మరో పొర చేరింది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు తిండి కొరతలో అక్కడి మానసిక చికిత్సాలయాల్లో సుమారు 70 వేల మంది రోగులు ఆకలితో, ఆకలి తెచ్చిన జబ్బులతో చనిపోయారు. రేషన్ కోత పడినప్పుడు ముందుగా ఎవరి కంచం ఖాళీ అవుతుందో అప్పుడే తేలిపోయింది. 1920లో కార్ల్ బిండింగ్ అనే న్యాయశాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ హోఖె అనే సైకియాట్రిస్టు కలిసి రాసిన చిన్న పుస్తకం 'బతకడానికి అర్హత లేని జీవితం' అనే మాటకు ప్రచారం తెచ్చింది. కోలుకోలేని మానసిక రోగుల మీద ఎంత ఖర్చవుతుందో అందులో లెక్క కట్టారు.

హిట్లర్ అధికారంలోకి వచ్చిన ఆరు నెలలకే, 1933 జులై 14న, వంశపారంపర్య రోగాల నివారణ చట్టం వచ్చింది. పుట్టుకతో బుద్ధిమాంద్యం, స్కిజోఫ్రీనియా, మూర్ఛ, వంశపారంపర్యంగా వచ్చే చెవుడు, అంధత్వం, తీవ్రమైన తాగుడు అలవాటు ఆ జాబితాలోకి చేరాయి. ఇలాంటి రోగుల వివరాలను పైకి తెలపడం వైద్యులకు చట్టపరమైన విధి అయింది. డాక్టరుకు నమ్మి చెప్పుకున్న జబ్బే ఆ మనిషిపై ఫిర్యాదుగా మారింది. తీర్పు చెప్పే 'వంశారోగ్య న్యాయస్థానం'లో ఒక జడ్జి, ఇద్దరు వైద్యులు ఉండేవారు. మొత్తం సుమారు 4 లక్షల మందికి బలవంతంగా ఆపరేషన్లు చేశారు. ఆ ఆపరేషన్ల వల్లే కొన్ని వేల మంది ప్రాణాలు పోయాయి, వాళ్లలో ఎక్కువ మంది స్త్రీలు.

వృత్తి మొత్తంగా ఎందుకు ఎదురు తిరగలేదు? భయం ఒక కారణమే, కాని పెద్ద కారణం కాదు. జర్మనీ వైద్యుల్లో దాదాపు 45 శాతం మంది నాజీ పార్టీలో చేరారు. చదువుకున్న ఇతర వృత్తులతో పోల్చినా ఇది చాలా ఎక్కువ. 1933 నుంచి యూదు వైద్యులను బీమా వైద్యం నుంచీ, ప్రభుత్వ ఆసుపత్రుల నుంచీ తప్పించారు, 1938లో లైసెన్సులే రద్దు చేశారు. ఖాళీ అయిన కుర్చీల్లో ఎవరో ఒకరు కూర్చున్నారు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం దొరకని యువ వైద్యులకు ఆ పదోన్నతులు చిన్న విషయం కాదు. ఆ కుర్చీ ఎలా ఖాళీ అయిందో తెలిసే కూర్చున్నారు.

టీ4: ఫారం మీద ఎర్ర గుర్తు

1939లో హిట్లర్ ఒక చిన్న లేఖ మీద సంతకం చేశాడు. రాసింది అక్టోబరులో. తేదీ మాత్రం యుద్ధం మొదలైన సెప్టెంబరు 1కి వెనక్కి జరిపారు. నయంకాని రోగులకు 'కారుణ్య మరణం' ఇచ్చే అధికారాన్ని వైద్యులకు కల్పించే బాధ్యతను తన ఆంతరంగిక వైద్యుడు కార్ల్ బ్రాంట్‌కూ, అధికారి ఫిలిప్ బూలర్‌కూ అప్పగించాడు. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు ఇంట్లో ఆఫీసు పెట్టారు. టీ4 అనే పేరు అలా వచ్చింది.

పని జరిగిన తీరు చూస్తే ఏ ప్రభుత్వ కార్యాలయమో గుర్తుకు వస్తుంది. ఆసుపత్రులకు ఫారాలు వెళ్లేవి. రోగి జబ్బు ఏమిటి, ఎన్నాళ్లుగా ఉన్నాడు, పని చేయగలడా, చూడటానికి ఎవరైనా వస్తున్నారా అని అడిగేవారు. నింపిన ఫారాలను ముగ్గురు నిపుణులు విడివిడిగా చూసి గుర్తులు వేసేవారు. ఎర్ర ప్లస్ అంటే చావు, నీలి మైనస్ అంటే బతుకు. ఆ ముగ్గురిలో ఎవరూ రోగి ముఖం చూడరు. ఫారం నింపిన ఆసుపత్రి వైద్యుడు తాను చంపలేదనుకోవచ్చు, గుర్తు వేసిన ప్రొఫెసర్ తాను అభిప్రాయం మాత్రమే చెప్పాననుకోవచ్చు, బస్సు డ్రైవరు తాను రోగులను దింపి వచ్చాననుకోవచ్చు. ఒక హత్య పది మంది దినచర్యలోకి సర్దుకుంది.

గ్రాఫెనెక్, బ్రాండెన్‌బుర్గ్, హార్ట్‌హైమ్, జోనెన్‌స్టైన్, బెర్న్‌బుర్గ్, హాడమర్. ఈ ఆరు చోట్ల స్నానాల గదుల్లా కట్టిన గదుల్లోకి కార్బన్ మోనాక్సైడ్ వదిలేవారు. గ్యాస్ కుళాయి తిప్పే పని వైద్యుడిదేనని నియమం. గ్యాస్ సిలిండరు తిప్పడానికి ఎంబీబీఎస్ లాంటి పట్టా అక్కర్లేదు కదా, మరి ఈ నియమం ఎందుకు? కుళాయి తిప్పింది డాక్టరయితే అది చికిత్స అవుతుంది, ఇంకెవరైనా తిప్పితే హత్య అవుతుంది. వైద్యపట్టా ఇక్కడ పనికొచ్చింది నైపుణ్యం కోసం కాదు, పేరు మార్చడం కోసం. తర్వాత ఆ వైద్యుడే దొంగ మరణ ధ్రువపత్రం రాసేవాడు. ఏళ్ల క్రితమే అపెండిక్స్ తీసేసిన మనిషి అపెండిసైటిస్‌తో పోయాడని కొన్ని ఇళ్లకు కాగితాలు వెళ్లాయి. కుటుంబాలకు అనుమానం మొదలైంది అక్కడే.

1941 ఆగస్టు నాటికి ఈ ఆరు కేంద్రాల్లో 70,273 మందిని చంపారు. ఈ అంకె నాజీల సొంత లెక్కే, యుద్ధం తర్వాత హార్ట్‌హైమ్‌లో దొరికింది. ఆ కాగితాల్లోనే వాళ్లందరి తిండి మిగలడం వల్ల పదేళ్లలో 88 కోట్ల మార్కులకు (అప్పటి జర్మనీ కరెన్సీ) పైగా ఆదా అవుతుందని, రొట్టె, బంగాళాదుంపలు, జామ్ పేరుపేరునా లెక్క వేశారు.

రహస్యం నిలవలేదు. హాడమర్‌లో బడిపిల్లలు కూడా ఆ బస్సులను గుర్తుపట్టేవారు. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ చర్చిలో బహిరంగంగా ఖండించాడు. ఆ నెల 24న హిట్లర్ గ్యాస్ కేంద్రాల్లో రోగుల హత్యలను ఆపమన్నాడు. ఆగింది పద్ధతే, హత్యలు కాదు. ఆ తర్వాత ఆసుపత్రుల్లోనే మందుల మోతాదు పెంచి, కొవ్వు లేని పలచటి జావలతో పస్తులుంచి చంపారు. పిల్లలకు ల్యూమినాల్ అనే నిద్రమందు కొద్దికొద్దిగా ఎక్కించేవారు. ఊపిరితిత్తులు దెబ్బతిని న్యుమోనియాతో పోయేవారు, దాంతో కాగితం మీద రాసిన కారణం అబద్ధంలా కూడా కనబడేది కాదు. అన్నీ కలిపి మృతుల సంఖ్య 2 లక్షలు దాటింది.

రోగుల నుంచి యూదులకు

టీ4కూ యూదుల నిర్మూలనకూ మధ్య ఉన్న లంకె చాలామంది పాఠకులకు తెలియదు. 1940 నుంచే ఆసుపత్రుల్లోని యూదు రోగులను జబ్బు తీవ్రతతో నిమిత్తం లేకుండా విడదీసి చంపారు. 1941 వసంతం నుంచి టీ4 వైద్యులు కాన్సంట్రేషన్ క్యాంపులకు (నిర్బంధ శిబిరాలకు) వెళ్లి, అవే ఫారాలతో ఖైదీలను ఏరడం మొదలుపెట్టారు. వారిలో ఒకడు, సైకియాట్రిస్టు ఫ్రీడ్రిఖ్ మెన్నెకె, భార్యకు రోజూ ఉత్తరాలు రాసేవాడు. యూదు ఖైదీలను పరీక్షించనక్కర లేదనీ, అరెస్టు కారణాన్ని ఫైలు నుంచి ఫారంలోకి ఎక్కించడమే పని అనీ, ఎంత తొందరగా అయిపోతున్నదో అనీ అందులో ఉంది. రోగ నిర్ధారణ రాయాల్సిన గడిలో పోలీసు కారణం వచ్చి కూర్చుంది. ఆ తర్వాత జరిగినదానికి కొత్త ఫారం కూడా అవసరం పడలేదు.

1941-42లో పోలండ్‌లో బెల్జెట్స్, సోబిబోర్, ట్రెబ్లింకా శిబిరాలు కట్టినప్పుడు గ్యాస్ పని తెలిసిన మనుషులు కావలసి వచ్చారు. టీ4 సిబ్బందిలో వంద మందికి పైగా అక్కడికి వెళ్లారు. ఆ మూడు శిబిరాల్లో సుమారు 15 నుంచి 17 లక్షల మంది యూదులను చంపారు. ట్రెబ్లింకా మొదటి కమాండెంట్ ఇర్మ్‌ఫ్రీడ్ ఎబెర్ల్ ఒక వైద్యుడు. అంతకుముందు బ్రాండెన్‌బుర్గ్, బెర్న్‌బుర్గ్ కేంద్రాలు నడిపినవాడు.

ఆష్విట్జ్‌లో రైలు దిగినవాళ్లలో ఎవరిని పనికి పంపాలో, ఎవరిని నేరుగా గ్యాస్ గదికి పంపాలో చెప్పింది కూడా ఎస్.ఎస్. (శిబిరాలు నడిపిన నాజీ పార్టీ సాయుధ దళం) వైద్యులే. ఆసుపత్రి డ్యూటీలాగే దీనికీ వంతులుండేవి. మెంగెలే అందులో ఒకడు మాత్రమే, 1943 మేలో చేరాడు. గ్యాస్ డబ్బాలను రెడ్‌క్రాస్ గుర్తున్న వాహనంలో తెచ్చేవారు. మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ యోహాన్ పాల్ క్రెమర్ 1942లో కొన్ని వారాలు అక్కడ పనిచేసి డైరీ రాసుకున్నాడు. సెప్టెంబరు 5న చూసినదాన్ని ఘోరాల్లోకెల్లా ఘోరం అన్నాడు. మర్నాడు ఆదివారం భోజనంలో టమాటా సూపు, కోడి, వెనీలా ఐస్‌క్రీం బాగున్నాయని రాశాడు. ఉన్మాదం అన్న మాట ఈ డైరీకి సరిపోదు.

ప్రయోగశాలలో మనిషి

ప్రయోగాల్లో చాలా వాటికి సైన్యానికో, కంపెనీకో, విశ్వవిద్యాలయానికో ఉన్న అవసరమే మూలం. జర్మనీలోని డాఖావ్ శిబిరంలో 1942లో వైమానిక దళం కోసం ఖైదీలను తక్కువ పీడనం గదిలో పెట్టారు. సుమారు 200 మందిలో 70కి పైగా చనిపోయారు. తర్వాత మంచునీటి తొట్టెల్లో ముంచి ఎంతసేపటికి ప్రాణం పోతుందో గడియారం పెట్టి చూశారు. ఇవి చేసిన జిగ్మండ్ రాషర్‌ను చివరకు మోసాల కేసులో నాజీలే కాల్చి చంపారు. 1990లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో వచ్చిన పరిశీలన ఆ చలి ప్రయోగాల లెక్కల్లో పొంతన లేదనీ, నమ్మదగ్గవి కావనీ తేల్చింది. 'పద్ధతి తప్పయినా ఫలితం పనికొస్తుంది కదా' అని ఇప్పటికీ వాదించేవాళ్లకు ఇది గుర్తు చేయడం అవసరం.

రావెన్స్‌బ్రూక్ మహిళా శిబిరంలో 74 మంది పోలిష్ యువతుల కాళ్లు కోసి, గాయాల్లో బ్యాక్టీరియా, చెక్కపేళ్లు, గాజుముక్కలు పెట్టి, గాయాలు చీము పట్టకుండా వాడే సల్ఫా మందులు పరీక్షించారు. ఆ పని చేయించిన కార్ల్ గెబ్‌హార్ట్ పేరున్న శస్త్రవైద్యుడు. అక్కడి స్త్రీలు తమను తాము 'కుందేళ్లు' అని పిలుచుకునేవారు. మామూలు ఉత్తరాల వరుసల మధ్య మూత్రంతో కనపడని అక్షరాలు రాసి, తమ పేర్లు, ఆపరేషన్ తేదీలు బయటకు పంపారు. యుద్ధం తర్వాత జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో జరిగిన వైద్యుల విచారణలో వారిలో నలుగురు సాక్ష్యం చెప్పారు.

ఆష్విట్జ్ 10వ బ్లాకులో కార్ల్ క్లాబెర్గ్ అనే గైనకాలజిస్టు యూదు స్త్రీల గర్భాశయంలోకి రసాయనాలు ఎక్కించాడు. హోర్స్ట్ షూమన్ ఎక్స్‌రేలతో స్త్రీ పురుషుల బీజకోశాలు కాల్చాడు. తక్కువ ఖర్చులో లక్షల మందికి పిల్లలు పుట్టకుండా చేసే దారి వెతకడం వీరి పని. మెంగెలే కవలల మీద చేసిన పని కూడా ఒంటరి పిచ్చి కాదు. అతని గురువు ఒట్మార్ ఫాన్ ఫెర్షూవర్ బెర్లిన్‌లోని కైజర్ విల్‌హెల్మ్ మానవశాస్త్ర సంస్థ డైరెక్టరు. ఆష్విట్జ్ నుంచి రక్తం, కళ్లు ఆ సంస్థకు చేరాయి. యుద్ధం తర్వాత ఫెర్షూవర్ మళ్లీ ప్రొఫెసరయ్యాడు.

కాదన్నవాళ్లకు ఏమైంది

'ఒప్పుకోకపోతే ప్రాణం తీసేవారు' అన్నది కోర్టుల్లో ఎక్కువగా వినిపించిన వాదన. టీ4లో పాల్గొననన్నందుకు ఒక వైద్యుడికి మరణశిక్ష పడిన ఉదంతాన్ని ఎవరూ చూపించలేకపోయారు. కొందరు వేరే పని అడిగి పక్కకు తప్పుకున్నారు. ఆష్విట్జ్‌లో హాన్స్ మ్యూంఖ్ అనే ఎస్.ఎస్. వైద్యుడు రైలు దగ్గర ఏరివేతకు రానన్నాడు, అతనికేమీ కాలేదు. 1947లో పోలండ్‌లోని క్రకోవ్ కోర్టు ఖైదీల సాక్ష్యంతో అతన్ని విడుదల చేసింది. అలాగని అతన్ని ఆదర్శంగా నిలపనక్కర లేదు, ముసలితనంలో అతను మాట్లాడిన జాత్యహంకార మాటలు రికార్డులో ఉన్నాయి. ఆ శిబిరంలోనే ఖైదీగా ఉన్న ఫ్రెంచ్ సైకియాట్రిస్టు అదెలాయిద్ ఒత్వాల్ ప్రయోగాలకు సాయం చేయనని ముఖం మీదే చెప్పింది. ఆమె బతికి బయటపడింది. ఆక్రమిత నెదర్లాండ్స్‌లో నాజీ వైద్యమండలిలో చేరమన్నప్పుడు వేలమంది వైద్యులు తమ పేరుముందు డాక్టరు బిరుదునే వదులుకున్నారు. కొన్ని వందల మంది అరెస్టయ్యారు, అయినా మిగతావాళ్లు లొంగలేదు. వృత్తిసంఘం కలిసికట్టుగా నిలబడటమే జర్మనీకీ, నెదర్లాండ్స్‌కూ ఉన్న తేడా.

న్యూరెంబర్గ్, దాని తర్వాత

1946 డిసెంబరు 9న అమెరికా సైనిక న్యాయస్థానంలో వైద్యుల విచారణ మొదలైంది. 23 మంది నిందితుల్లో 20 మంది వైద్యులు. 1947 ఆగస్టులో 16 మందిని దోషులుగా తేల్చారు. బ్రాంట్, గెబ్‌హార్ట్ సహా ఏడుగురిని 1948 జూన్ 2న ఉరితీశారు. అమెరికా జైళ్లలోనూ ఖైదీలపై మలేరియా ప్రయోగాలు జరిగాయి కదా అని నిందితుల లాయర్లు అడిగిన ప్రశ్న కోర్టును ఇబ్బంది పెట్టింది. తీర్పులో పది సూత్రాలు చేర్చడానికి అదీ ఒక కారణం. మొదటి సూత్రం: ప్రయోగానికి లోనయ్యే వ్యక్తి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి. ఇవాళ హైదరాబాదులోనో విశాఖలోనో క్లినికల్ ట్రయల్‌లో చేరేవాళ్ల చేతికి తెలుగులో ఇచ్చే సమ్మతి పత్రం ఆ వాక్యం నుంచి వచ్చిందే.

ఆ పత్రం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదు. 2009-10లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా అధ్యయనంలో అనేక పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని విచారణలో బయటపడింది. నాజీ నేరాలతో దీన్ని జతకట్టడం అన్యాయం, ఉద్దేశంలోనూ ఫలితంలోనూ పోలిక లేదు. ఒకరి తరఫున ఇంకొకరు సులువుగా 'సరే' అనేది ఎవరి పిల్లల విషయంలో అన్నది మాత్రం అడగవలసిన ప్రశ్న.

శిక్షపడినవారికంటే పడనివారే ఎక్కువ. గెబ్‌హార్ట్ సహాయకురాలు హెర్టా ఓబర్‌హోయ్‌జర్‌కు 20 ఏళ్లు వేస్తే 1952లోనే బయటకు వచ్చి ఊళ్లో ప్రాక్టీసు పెట్టింది. రావెన్స్‌బ్రూక్ నుంచి బతికి వచ్చిన ఒక స్త్రీ గుర్తుపట్టాక 1958లో లైసెన్సు పోయింది. వియన్నాలోని ష్పీగెల్‌గ్రుండ్ ఆసుపత్రిలో నాజీ కాలంలో 789 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ పనిచేసిన హైన్‌రిఖ్ గ్రోస్ ఆ పిల్లల మెదళ్ల మీద దశాబ్దాల పాటు పరిశోధన పత్రాలు ప్రచురించాడు, కోర్టుల్లో ప్రభుత్వ నిపుణుడిగా పనిచేశాడు. మెంగెలే 1979లో బ్రెజిల్‌లో సముద్రంలో ఈదుతూ పోయాడు. జర్మనీ వైద్యుల సంఘం బాధితులకు క్షమాపణ చెప్పింది 2012లో.

ఇతర నరమేధాలతో పోలిస్తే

1904-08 మధ్య జర్మన్ వలసగా ఉన్న నమీబియాలో హెరెరో, నామా ప్రజల్ని నిర్మూలించినప్పుడు చనిపోయిన ఖైదీల పుర్రెలను పరిశోధన కోసం బెర్లిన్‌కు పంపారు. 1908లో అదే దేశంలో మిశ్రమ సంతతి కుటుంబాలను కొలిచి పేరు తెచ్చుకున్న ఓయ్‌గెన్ ఫిషర్ తర్వాత కైజర్ విల్‌హెల్మ్ మానవశాస్త్ర సంస్థకు మొదటి డైరెక్టరయ్యాడు. అతని వారసుడే ఫెర్షూవర్. పుర్రెలు పంపిన దారికీ ఆష్విట్జ్ నుంచి కళ్లు పంపిన దారికీ మధ్య ఒక్క తరమే దూరం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఒట్టోమన్ తుర్కీలో జరిగిన ఆర్మీనియన్ల నరమేధంలో ముఖ్యుడైన బెహాయెద్దీన్ షాకిర్ వైద్యుడే. రువాండాలో 1994 ఊచకోత కాలంలో తాత్కాలిక అధ్యక్షుడు థియొడోర్ సిందికుబ్వాబో పిల్లల డాక్టరు. ఈ రెండు చోట్లా వైద్యులు ఎక్కువగా రాజకీయ నాయకులుగా, స్థానిక పెద్దలుగా హత్యలు నడిపించారు. జర్మనీలో మాత్రం హత్య వైద్యం అనే పేరుతోనే, వైద్య సంస్థల లోపలే జరిగింది. చైనాలో జపాన్ సైన్యపు జీవాయుధ విభాగమైన 731వ దళం చేసిన ప్రయోగాలు క్రూరత్వంలో తీసిపోవు. కాని వాటిని నడిపిన షిరో ఇషీని సమాచారం కోసం అమెరికా విచారణ లేకుండా వదిలేసింది. న్యూరెంబర్గ్‌లో తీర్పు చెప్పిన దేశమే ఆ పని చేసింది.

ఎనభై ఆరు నంబర్లు

1943 ఆగస్టులో ష్ట్రాస్‌బుర్గ్ అనాటమీ ప్రొఫెసరు ఆగస్ట్ హిర్ట్ అస్థిపంజరాల సేకరణ కోసం ఆష్విట్జ్‌లో ఎంపిక చేసిన 86 మంది యూదులను నాట్స్‌వైలర్ శిబిరంలో చంపించాడు. మృతదేహాలు అనాటమీ విభాగానికి వచ్చినప్పుడు అక్కడి సహాయకుడు ఆన్రీ ఆన్రిపియెర్ వాటి చేతులపై పచ్చబొట్టు నంబర్లను ఎవరూ చూడకుండా కాగితం మీద రాసుకుని దాచాడు. అరవై ఏళ్ల తర్వాత జర్మన్ పరిశోధకుడు హాన్స్-యోఆఖిమ్ లాంగ్ ఆ నంబర్లను శిబిర రికార్డులతో సరిచూసి, 86 మందికీ పేర్లు కనిపెట్టాడు. 2015లో ష్ట్రాస్‌బుర్గ్ ఫోరెన్సిక్ విభాగంలో కొన్ని గాజు సీసాల్లో వాళ్ల శరీర భాగాలు బయటపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరులో వాటిని ఆ ఊరి యూదు శ్మశానంలో ఖననం చేశారు.